ఒక్క చెంచా తోడు

ఆ వీధిలో పద్దెనిమిది గుమ్మాలున్నాయి. తెల్లారేసరికి పదిహేడు గుమ్మాల ముందు పాలమ్మ కేను ఆగుతుంది. మూత తియ్యడం, కొలత గ్లాసు ముంచడం, పొయ్యడం, ఆపైన అడక్కుండానే సన్నటి ధారగా కొసరు. పద్దెనిమిదో గుమ్మం ముందు మాత్రం ఆమె కాళ్ళు నెమ్మదిస్తాయే గాని ఆగవు. ఆ ఇంట్లో ఉండేది పరాయివాళ్ళు కాదు, ఆమె ఒక్కగానొక్క కూతురు.

పాలమ్మ అన్నది ఆమె అసలు పేరేమీ కాదు. నలభై ఏళ్ళుగా పాలు పోస్తుంటే జనం పెట్టిన పేరది. అసలు పేరు రేషను కార్డు మీద ఉంది, అది చూసుకుంటే ఎవరిదో అనిపిస్తుందని ఆమే అంటుంది. ఒకప్పుడు నాలుగు ఆవులుండేవి, ఇప్పుడు రెండే. మొగుడు పోయి పదేళ్ళయింది. వీధి చివర రేకుల షెడ్డు, దాని పక్కన ఒంటిగది, గదిలో మంచం కన్నా పెద్ద గోలెం. అదీ ఆమె సంసారం.

"ఊరందరి పిల్లల్నీ పెంచావు, నీ మనవలకి ఒక్క చుక్క పొయ్యవేమిటే?" అని కొత్తగా కాపురానికొచ్చిన వాళ్ళెవరో ఒకరు ఏటా అడుగుతారు.

"వాళ్ళకి నా మొహం చూస్తే చాలు, కడుపు నిండిపోతుంది" అని నవ్వేసి కేను ఎత్తుకునేది. నవ్వు రెండో గుమ్మం దాకా వచ్చేది. మూడో గుమ్మం దగ్గర పెదవులు వాటంతటవే మూసుకునేవి.

కూతురింట్లో పాలు, పెరుగు, వెన్న, గుడ్డు, తేనె, జంతువు దగ్గర్నుంచి వచ్చేదేదీ గడప దాటదు. దాన్ని వీగన్ అంటారట. పట్టింపుల్లో ఆ ఇంటిది అందె వేసిన చెయ్యి. గోడకి పిల్లల డాక్టరు రాసిచ్చిన కాగితం అంటించి ఉంటుంది. అందులో ఏ పూట పప్పు, ఏ పూట ఆకుకూర, ఏ పూట నువ్వులు అన్నదంతా గళ్ళు గీసి ఉంటుంది. పొద్దున్నే పళ్ళు తోమగానే పిల్లలిద్దరూ పిచ్చుక పిల్లల్లా నోళ్ళు తెరిచి నిలబడాలి, బి-పన్నెండు విటమిను చుక్కలు వెయ్యడానికి. వేసిన వెంటనే క్యాలెండర్లో గీత పెట్టాలి. ఆరు నెలలకోసారి డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళి బరువు, ఎత్తు, రక్తం చూపించుకొస్తుంది. "ఇంత శ్రద్ధ అందరికీ ఉంటే నేను దుకాణం మూసుకోవాలమ్మా" అన్నాడట ఆయన. ఆ మాట విన్నరోజు పాలమ్మ పదిహేడు గుమ్మాల్లోనూ చెప్పుకుంది.

కూతురు బడి పిల్లల యూనిఫారాలు కుట్టే చోట పని చేస్తుంది. అల్లుడు సైకిళ్ళు బాగు చేస్తాడు. నోరారా మాట్లాడే మనిషి. "పెళ్ళికి ముందు మీ అమ్మాయి పెట్టిన షరతు ఒకటే అత్తయ్యా, తోలు సీటున్న సైకిలు ఇంట్లోకి తేకూడదని. కట్నం అడుగుతామేమోనని మీరు భయపడితే మేం సీటు గురించి భయపడ్డాం" అని నవ్విస్తాడు. అయినా బయట ఎక్కడైనా టీ తాగొస్తే వాకిట్లో నీళ్ళు పుక్కిలించి మరీ లోపలికొస్తాడు.

పెద్దపిల్లకి ఏడేళ్ళు. దాన్ని లాయరమ్మ అంటారు. బిస్కట్టు పొట్లం ఇస్తే ముందు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదువుతుంది, తరవాతే చించుతుంది. ఒకసారి బడిలో ఎవరిదో పుట్టినరోజు. అందరికీ కేకు ముక్కలు పెట్టారు. లాయరమ్మ తన ముక్కని జేబురుమాలులో చుట్టి ఇంటికి తెచ్చింది. వేళ్ళ సందుల్లోంచి క్రీము కారుతోంది.

"తిననిదానివి అక్కడే వదిలెయ్యకపోయావా?" అని అడిగింది పాలమ్మ.

"ఇందులో వెన్న ఉందా అని మిస్‌ని అడిగాను. తెలీదంది. తెలీనిది ఎలా తింటాను? తెలిశాక తిందామని తెచ్చా."

చిన్నవాడికి మూడేళ్ళు. బుడంకాయ అని పిలుస్తారు. వాడికి ఏ చట్టమూ లేదు, అక్క తినేది తింటాడు, అక్క ఉమ్మేసింది ఉమ్మేస్తాడు.

ఈ పద్ధతంతా ఎక్కడ మొదలైందో వీధికి తెలీదు. పాలమ్మకి తెలుసు.

కూతురికి తొమ్మిదేళ్ళప్పుడు ఎర్రావు ఈనింది. మగదూడ. నల్లటి ఒళ్ళు, నుదుట రూపాయంత తెల్లచుక్క. కూతురు దానికి చుక్కోడని పేరు పెట్టింది. బడికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి దాని మెడ పట్టుకుని వేలాడేది. ఆ ఏడు గడ్డి లేదు. ఉన్న గడ్డి పాలిచ్చేవాటికే సరిపోక పాలమ్మ పక్కటూళ్ళు తిరిగొచ్చేది. మగదూడ తింటుందే గాని ఇవ్వదు. పాలవాళ్ళ ఇళ్ళల్లో ఇది దాచే సంగతి కాదు, చెప్పుకునే సంగతీ కాదు. ఓ మధ్యాహ్నం, కూతురు బడిలో ఉండగా, బండివాడొచ్చి చుక్కోణ్ణి ఎక్కించుకుపోయాడు.

బడి నుంచొచ్చిన పిల్ల ఖాళీ గుంజ చూసి నిలబడిపోయింది. పాలమ్మ నోటికి ఏదొస్తే అది చెప్పింది. "దూరంగా కొండ కింద పెద్ద పచ్చిక మైదానం ఉందే. అక్కడ మేపుతారు. పెద్ద ఎద్దయ్యాక వస్తాడు."

పిల్ల నమ్మింది. నమ్మడమంటే మామూలుగా కాదు. వాడొచ్చాక పెట్టాలని అరటితొక్కలు ఎండబెట్టి సంచిలో దాచింది. ఆ సంచి చూరుకి వేలాడుతూ ఉండేది. పాలు పితుకుతూ తలెత్తితే పాలమ్మకి అదే కనిపించేది. ఎలకలు కొట్టేశాయని చెప్పి పారేద్దామని ఎన్నోసార్లు అనుకుంది. అది రెండో అబద్ధం అవుతుందని చెయ్యాడలేదు. అయిదేళ్ళు ఆ సంచి అక్కడే ఉంది.

పద్నాలుగో ఏట ఆ బండివాడే ఇంకో పని మీద వచ్చి, పిల్లని చూసి వేళాకోళానికి అన్నాడు. "ఏమ్మా, దూడని కోతకి ఎక్కిస్తుంటే నా బండి వెనకాల ఏడుస్తావని మీ అమ్మ నిన్ను బడికి పంపి నన్ను పిలిచేది. ఇప్పుడు పెద్దదానివయ్యావు, భయం లేదులే" అని.

పిల్ల ఏడవలేదు. అరవలేదు. లోపలికెళ్ళి చూరుకున్న సంచి దింపింది. పొద్దున పోసిన పాలగ్లాసు గట్టు మీదే ఉంది, దాన్ని వేలితో అవతలకి జరిపింది. అంతే. ఆ గ్లాసు మళ్ళీ ఎత్తలేదు. తల్లీకూతుళ్ళ మధ్య చుక్కోడి మాట ఆ తరవాత ఏనాడూ రాలేదు. పెళ్ళయింది, పురుళ్ళొచ్చాయి, ఒకే వీధిలో కాపురం పెట్టారు, రోజూ కనపడుతూనే ఉంటారు. ఆ ఒక్క మాట మాత్రం లేదు.

అందుకే పాలమ్మకి ఆ పిల్లలకి తన చేత్తో ఏదైనా పెట్టాలన్న ఆశ ఆకలిలా ఉండేది. ఏం పెట్టగలదు? ఆమెకి తెలిసిన విద్యంతా పాలలోంచి వచ్చిందే. చివరికి అల్లుడే దారి చూపించాడు. "వేరుశనగలతో పాలు తీస్తారు అత్తయ్యా, వాటిని తోడు పెడితే పెరుగు కూడా అవుతుందట. మీ చేతికి ఆ మాత్రం లొంగదా?"

లొంగింది. రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టి, కలియబెడుతూ కాచి, చిటికెన వేలు పెడితే నులివెచ్చగా అనిపించేదాకా చల్లార్చి తోడు పెట్టింది. మర్నాటికి గడ్డలా తోడుకుంది. గిన్నె పక్కకి వంచినా కదల్లేదు. మూతమీద గుడ్డ కట్టి, ఆ రోజు పద్దెనిమిదో గుమ్మం ముందు ఆగింది.

అరటిపండు ముక్కలు కలిపి పెడితే బుడంకాయ గిన్నెలోకి మొహం పెట్టేశాడు. లాయరమ్మ ముందు విచారణ జరిపింది.

"ఇందులో ఏమున్నాయి?"

"వేరుశనగలు, నీళ్ళు. దేవుడి తోడు, ఇంకేం లేవు."

"పాలు?"

"చుక్క లేదు బంగారుతల్లీ, నువ్వే నాకు మా అమ్మవి, నీ దగ్గర అబద్ధమా?"

తిన్నది. గిన్నె చుట్టూ వేలు తిప్పి నాకింది. కూతురు కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి వచ్చి చూసింది. పాలమ్మ వెళ్తుంటే వెనకనుంచి, "అమ్మా, మళ్ళీ గురువారం తేగలవా?" అంది. ఆ రోజు పాలమ్మ ఇంటికెళ్ళి ఎర్రావు మనవరాలి మెడ పట్టుకుని చాలాసేపు నిలబడింది.

అయిదు నెలలు. వారానికి రెండుసార్లు. పిల్లలు ఒళ్ళో కూచుని తినేవాళ్ళు. లాయరమ్మ లెక్కలు చెప్పేది, బుడంకాయ గడ్డానికి పెరుగు పూసుకునేవాడు. కూతురు కూడా మెల్లగా దగ్గరికొచ్చి నేల మీద కూచుని బొత్తాలు కుడుతూ మాట్లాడేది. మిషను సూదులు ఎలా విరుగుతున్నాయో, పక్క సీటు ఆవిడ ఎలా గురక పెడుతుందో, అలాంటివే. ఓ గురువారం తనూ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "పులుపు సరిగ్గా కుదిరిందే" అంది. తల్లి చేతిది ఆమె తిని ఎన్నేళ్ళయిందో పాలమ్మకి తెలుసు.

ఆ గురువారమే వచ్చింది ముప్పు. మేడమీద అద్దెకుండే టీచరు ఆరేసిన బట్టలు తీసుకెళ్తూ తొంగి చూసింది. ఆవిడ పాపకి పాలు పడవు.

"పిన్నిగారూ, ఇంత గట్టిగా ఎలా వస్తుందండీ? నేను చేస్తే నీళ్ళూ నూకా అవుతోంది."

తన విద్య గురించి అడిగితే పాలమ్మ ఊరుకోలేదు. చెంగు సర్దుకుని మొదలెట్టింది. నానబెట్టే వేళ, రుబ్బే తీరు, వేలు పెట్టి చూసే వేడి, అన్నీ చెప్పింది. "అన్నిటికన్నా తోడులో ఉందమ్మా గుట్టు. బజారు తోడు పనికిరాదు. నాది నా పెళ్ళప్పుడు మా అమ్మ గిన్నెలో వేసిచ్చింది. నలభై ఏళ్ళుగా ఒక్కరోజు తెగనివ్వలేదు. రోజూ నా ఆవుపాల్లో పడుతుంది, అందుకే అంత బలం. ఒక్క చెంచా చాలు, రాయిలా తోడుకుంటుంది. కావాలంటే రేపు నీకూ ఇస్తా."

టీచరు మెట్ల మీద చేతిలో బట్టలతో అలాగే నిలబడింది. ఆవిడ చూపు పాలమ్మ భుజం మీదుగా వెనక్కి పోయింది. వెనక కూతురు ఉంది. నోట్లో ఇంకా ఆ చెంచా రుచి ఉంది.

మరి పాలమ్మకి తెలీదా అంటే, నిజంగానే తట్టలేదు. ఆమె లెక్కలో పాలు వేరు, తోడు వేరు. పాలు కేనులో ఉంటాయి, కొలుస్తారు, అమ్ముతారు. తోడు ఎవరూ అమ్మరు, ఎవరూ కొలవరు. ఉప్పులాగా, పొయ్యిలో నిప్పులాగా అది ఇంట్లో ఉంటుంది, అంతే. పాలవాళ్ళింట పుట్టి పాలవాళ్ళింట మెట్టిన మనిషికి తప్ప ఇంకొకరికి ఈ పొరపాటు జరగదు. టీచరు మొహం చూశాక, ఆమె చూపు వెంట తల తిప్పాక, అప్పుడు తట్టింది.

"ఎన్నాళ్ళుగా?" అంది కూతురు.

"నాకు తోచలేదే తల్లీ. తోడేగా అనుకున్నా."

"ఎన్నాళ్ళుగా అమ్మా?"

"మొదట్నుంచీ."

లాయరమ్మ గిన్నెలోంచి తల ఎత్తింది. ఒకసారి అమ్మ వంక, ఒకసారి అమ్మమ్మ వంక చూసింది. నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో తెలీక బుగ్గ ఉబ్బి ఉంది.

"ఒక్క చెంచాడేనే" అంది పాలమ్మ.

"చుక్కోడు కూడా ఒక్కడే కదమ్మా."

ఇరవై రెండేళ్ళ తరవాత తల్లీకూతుళ్ళ మధ్య పలికిన పేరది. గట్టిగా కూడా అనలేదు. పిల్లలు పడుకున్న గదిలో మాట్లాడినట్టు అంది. తరవాత చెంచా కింద పెట్టి, బుడంకాయ చేతిలోంచి గిన్నె తీసుకుని లోపలికెళ్ళిపోయింది. పాలమ్మ తన గిన్నె తను తీసుకుని వీధిలో పడింది. మూత మర్చిపోయింది.

ఆ తరవాత మూడు వారాలు పద్దెనిమిదో గుమ్మం ముందు ఆమె కాళ్ళు నెమ్మదించను కూడా లేదు. తల వంచుకుని దాటేసేది. కొసరు పొయ్యడం మర్చిపోతుంటే నాలుగో గుమ్మం ఆవిడ అడిగి పోయించుకుంది.

అల్లుడు ఓ సాయంత్రం షెడ్డుకి వచ్చాడు. గిన్నె మూత ఇవ్వడం నెపం. "మీ అమ్మాయి మీ మీద కోపంగా లేదత్తయ్యా. కోపమైతే నాకు అలవాటే, టైరు పంక్చరులాంటిది, ఎక్కడుందో కనిపెట్టి అతికించొచ్చు. ఇది వేరే. రాత్రుళ్ళు పిల్ల అడుగుతోంది, అమ్మమ్మ తెలిసి పెట్టిందా తెలీక పెట్టిందా అని. ఈవిడేమో, నాకు తెలీదు అంటోంది."

"నాకు తెలీదు అందా?"

"అదే అంది."

కోపంతో తిట్టినా, ఇంటికి రావద్దన్నా పాలమ్మ తట్టుకునేది. కడుపున పుట్టిన పిల్లకి తన మాట నిజమో కాదో తెలీదట. తప్పు ఆ పిల్లది కాదని తనకి తెలుసు. ఆ రోజు పితికిన పాలలో ఎన్ని కన్నీళ్ళు పడ్డాయో కొన్నవాళ్ళకి తెలీదు.

మర్నాడు కొత్త మట్టిగిన్నె కొంది. పాలు తగలనిది కావాలి. రుబ్బుడు గిన్నె, వడకట్టే గుడ్డ, గరిటె, అన్నీ కొత్తవే. పచ్చిమిరపకాయల తొడిమలు వేస్తే తోడుకుంటుందని ఎవరో చెప్పగా విన్నది ఇన్నాళ్ళకి పనికొచ్చింది. మొదటిసారి నీళ్ళు నీళ్ళుగా మిగిలింది. రెండోసారి జిగురొచ్చింది. మూడోసారి వాసన. నలభై ఏళ్ళ చేతికి ఓనమాలు రానట్టయింది. నాలుగోసారి, గిన్నెని పాత దుప్పటిలో చుట్టి పసిపిల్లలా పక్కన పెట్టుకుంటే, మెత్తగా కదిలీ కదలకుండా తోడుకుంది.

ఆదివారం పొద్దున పట్టుకెళ్ళింది. కూతురు తలుపు తీసి, గిన్నె వైపు చూసి, పక్కకి జరిగింది. రమ్మనలేదు, వద్దనలేదు. వంటగదిలోకెళ్ళి కుళాయి తిప్పి గిన్నెలు కడుగుతోంది.

పిల్లలిద్దరికీ చెరో గిన్నెలో వేసింది. బుడంకాయ ఆగలేదు. లాయరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"ఇందులో ఏమున్నాయి?"

"వేరుశనగలు, నీళ్ళు, మిరపతొడిమలు. గిన్నె కొత్తది. గుడ్డ కొత్తది. గరిటె కొత్తది."

"తోడు?"

"తొడిమలే తోడు. నాది వెయ్యలేదు."

లాయరమ్మ చెంచా అందుకుంది. అందుకుని ఆగింది. "అమ్మమ్మా, ఒకటి అడగనా? అమ్మ చుక్కోణ్ణి నిజంగా ఎక్కడికి పంపావు?"

కుళాయి ఆగిపోయింది.

పచ్చిక మైదానం నాలిక చివరే ఉంది. కొండ కింద, పచ్చగా, తయారుగా. ఆ మాట అంటే పిల్ల చెంచా నోట్లో పెట్టుకుంటుంది. ఏడేళ్ళ పిల్లకి ఎవరైనా అదే చెప్తారు. పాలమ్మ చెంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది.

"కోసేవాళ్ళకి అమ్మేశానమ్మా."

"కోస్తారని నీకు తెలుసా?"

"తెలుసు."

"అమ్మకి వేరేలా చెప్పావటగా, అమ్మే చెప్పింది."

"చెప్పాను. మీ అమ్మ ఏడిస్తే చూళ్ళేక చెప్పాను. చూళ్ళేకపోయింది నేనైతే, మోసపోయింది తను."

లాయరమ్మ చెంచాని చప్పుడు కాకుండా పళ్ళెం పక్కన పెట్టింది. గిన్నెని వేలితో అవతలకి జరిపింది. అచ్చం వాళ్ళమ్మలాగే, ఒక్క వేలితో. లేచి లోపలిగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

కూతురు వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. తడిచేతులు తుడుచుకోలేదు, మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఇరవై రెండేళ్ళు చూశానమ్మా ఈ మాట కోసం" అంది. "చెప్పావు. నాకు కాదు, దానికి."

"నీకూ చెప్పినట్టే కదే."

"కాదమ్మా" అంది కూతురు. మళ్ళీ లోపలికి తిరిగి కుళాయి తిప్పింది. కడగడానికి అక్కడ గిన్నెలేవీ లేవు.

బుడంకాయ గిన్నె ఖాళీ చేసి, అక్క గిన్నె వంక చూసి, తలుపు దగ్గరికి పరుగెత్తాడు. సందులో మూతి పెట్టి గుసగుసలాడాడు. తిరిగొచ్చి అమ్మమ్మ మోకాలు పట్టుకున్నాడు.

"అక్క అడగమంది. నీ ఆవుకి బుజ్జి దూడ పుడుతుందంటగా. మగది పుడితే ఏం చేస్తావంట?"

ఎర్రావు మనవరాలు ఈ నెలాఖర్లో ఈనుతుంది. ఆ సంగతి లాయరమ్మ ఎక్కడో విని ఉంటుంది. ఉంచేస్తానమ్మా, బంగారంలా చూసుకుంటా అని ఆమె గొంతులో మాట తయారైంది. అప్పుడే షెడ్డూ కనిపించింది. రెండు ఆవులు, తన అరవై రెండేళ్ళు, నొప్పి చేసే మోకాళ్ళు, పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో బతికే ఒక ఎద్దు. ఉంచాలని ఉంది. ఉంచగలదో లేదో తెలీదు. తెలీనిది ఈ ఇంట్లో ఇంక చెప్పకూడదు.

"ఇంకా తెలీదని చెప్పు నాన్నా."

వాడు పరుగెత్తాడు. వంటగదిలో కుళాయి నీళ్ళు ఊరికే పోతున్నాయి. పాలమ్మ అటు లేవలేదు, ఇటు లేవలేదు. ముందున్న గిన్నెలో పెరుగు పైన సన్నగా నీళ్ళు తేలడం మొదలైంది.

వాడు తిరిగొచ్చాడు. అక్క చెప్పింది మర్చిపోకుండా ఒక్కో మాటే తెచ్చాడు.

"నీకు తెలిశాక తింటుందట."

పాలమ్మ సరేనని తలూపింది. ఆ గిన్నెలోది మట్టిగిన్నెలో పోసుకుని, ఈసారి మూత మర్చిపోకుండా పెట్టుకుంది.